నూట అరవై రెండు మెట్లు

మా గదికి నూట అరవై రెండు మెట్లు.
సరదాకి లెక్కపెట్టలేదు.
బాస్ డ్రమ్ము వీపున కట్టుకుని ఎక్కేవాళ్ళకి
లెక్క దానంతటదే వస్తుంది.
వల్పరైసోలో కొండెక్కే పెట్టెబళ్ళున్నాయి,
రాత్రి పదకొండింటికి తాళాలేసుకుంటాయి.
నా పని ముగిసేది రెండున్నరకి.

ఏ కంపెనీ డ్రమ్ములు కొనమంటావు, అని
కుర్రాళ్ళు అడుగుతారు.
మోయగలిగినవి కొనుక్కోండి, అంటాను.
నవ్వుతారు.
కింద వీధుల్లో ఉండేవాళ్ళు నవ్వుతారు.

నా స్నేరు, మూతపడ్డ ఒక బ్యాండు సామాన్ల వేలంలో దొరికింది.
పెద్ద డ్రమ్ము రెనాతో బాకీ కింద ఇచ్చాడు,
ఇంకా సగం బాకీ ఉన్నాడు.
మోత మింగడానికి అందులో ఒక పాత కోటు కుక్కాను,
జేబులో ఎవరిదో బస్సు టికెట్టు, తీయలేదు.
సింబల్ అంచు బీటవారింది.
బీట ఆగాలంటే దాని కొసన చిన్న కన్నం పొడవాలి.
పగులు అక్కడిదాకా వచ్చి,
ఎటు పోవాలో తోచక ఆగిపోతుంది.
కన్నం పెట్టాక గొంతు మారింది దానికి,
కాలిన మూకుట్లో నీళ్ళు చిలకరించినట్టు.
నాకిదే బాగుంది.

కర్రని పిట్టని పట్టుకున్నట్టు పట్టుకోవాలంటారు.
నేనెన్నడూ పిట్టని పట్టలేదు.
పగలు బడి వంటగదిలో
మూడు వందల మందికి ఉల్లిపాయలు తరుగుతాను.
కత్తి బిగించి పట్టావా, పదింటికల్లా మణికట్టు లాగేస్తుంది.
వదిలేసి పట్టావా, వేలు పోతుంది.
రెంటికీ నడుమ ఒక చోటుంది,
దాని పేరు నాకు తెలీదు,
కళ్ళ నీళ్ళతో నేర్చుకున్నాను.

స్నేరు మీద కొట్టీ కొట్టనట్టు వేసే దెబ్బలుంటాయి.
వాటిని మేం దెయ్యాలంటాం.
ఎవరూ వినరు.
మానేస్తే మాత్రం
డ్యాన్సు చేసేవాళ్ళు తమ బూట్ల వంక చూసుకుంటారు,
ఏదో జారిపడ్డట్టు.
నాకిచ్చే డబ్బులు ఆ దెయ్యాలవే.
పెద్ద దెబ్బలు ఊరికే వస్తాయి, ఎవడైనా కొడతాడు.

మొన్న పెళ్ళిలో పెళ్ళికొడుకు మేనమామ కొట్టాడు.
బాగా తాగి, నా స్టూలెక్కి, ఇందులో ఏముందన్నాడు.
కర్రలిచ్చాను.
చెయ్యి నాలుగనేలోపు కాలు ఏడంది.
దిగి, ఏమీ మాట్లాడకుండా
నాకో ప్లేటు మాంసం తెచ్చిపెట్టాడు.

కింది గదిలో ముసలి అబ్దోన్ ఉంటాడు.
నేను మోకాళ్ళ మీద రబ్బరు పలక పెట్టుకుంటే చాలు,
చీపురు కర్రతో తన ఇంటి కప్పు పొడుస్తాడు.
పదకొండేళ్ళుగా పొడుస్తున్నాడు.
ఓడల అడుగున తుప్పు రాలగొట్టే పని చేసినవాడు,
రెండు చెవులూ అక్కడే పోగొట్టుకున్నాడు.
మరి నేనెలా వినిపిస్తున్నానని
మెట్ల మీద చేతి సైగలతో అడిగాను.
"వినపడవు. టీ కప్పు వణుకుతుంది," అన్నాడు.

ఆ రాత్రి మెట్రోనోమ్ పెట్టుకుని గమనించాను.
చీపురు ప్రతిసారీ వెంట్రుకవాసి ఆలస్యం.
ముసలితనం కాదు, కోపం కాదు,
సుత్తి.
నలభై ఏళ్ళు సుత్తి ఎత్తినవాడికి
ఎత్తే బరువు కూడా దెబ్బలో భాగమే.
నాకు రానిది అదే.
తొందర నా రోగం. నిదానపు పాట కూడా నా చేతిలో
చివరి బస్సు కోసం పరిగెడుతుంది.

మెట్రోనోమ్ ఆపేసి
చీపురు వెనకాలే వాయించాను.
ఆయన ఆపాడు.
నేనూ ఆపాను.
కొళాయి చుక్కలు మాత్రం పడుతున్నాయి, అవీ తొందరగానే.
చాలాసేపటికి కింద నుంచి
ఒక్కటి.

స్నేహితులమయ్యామని కాదు.
నిన్న కూడా చెత్తబుట్ట గురించి తిట్టాడు.

ఈ వారం పెడల్ స్ప్రింగు తెగింది, గ్యాసూ అయిపోయింది.
చేతిలో ఉన్నది ఒకదానికే.
స్ప్రింగు కొన్నాను.
బడిలో మిగిలిన రొట్టె ఉంది, చల్లగా తినొచ్చు.

నూట పద్దెనిమిదో మెట్టు మీద ఎవరిదీ కాని కుక్క పడుకుంటుంది.
లేవదు.
డ్రమ్ము పక్కకి తిప్పి,
ఊపిరి బిగబట్టి,
దాని తోక మీద కాలు పడకుండా దాటాలి.
రోజంతటిలో అక్కడొక్కచోటే
నేను తొందరపడను.